మహారాజశ్రీ క్రోనోగ్రాఫ్ గారికి

మహారాజశ్రీ క్రోనోగ్రాఫ్ గారి దివ్య సముఖమునకు, బెంగళూరు పీణ్య దగ్గర మేడ మీద రేకుల షెడ్డులో మీ సేవ చేసుకుంటున్న దాసుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు. మొన్నటి వ్యవహారంలో పోయిందంతా మాదే కదా. ఒక శనివారం రాత్రి పోయింది, ఒక ఆదివారం పోయింది, ఆరు ఇడ్లీ రేకులు పోయాయి.

అయ్యా, మీకున్న పని ఎంత? మీకు రెండు కళ్లు. మొదటి కంటి మీద పెల్లెట్, అంటే గాలి తుపాకీ చిన్న గుండు, నీడ పడగానే గడియారం మొదలుపెట్టాలి. 30 సెంటీమీటర్ల అవతల రెండో కంటి మీద పడగానే ఆపాలి. దూరాన్ని కాలంతో భాగించి పెల్లెట్ వేగం అంకెలో చూపించాలి. మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల చిల్లర పోతుంది కాబట్టి, తమరు మెలకువగా ఉండాల్సింది సెకనులో 570వ వంతు. అంతసేపు కూడా నిలకడగా ఉండలేకపోయారు.

శనివారం సాయంత్రం రైఫిల్‌ని బెంచ్ వైస్‌లో గుడ్డలు చుట్టి బిగించి, ట్యూబ్‌లైట్లన్నీ వేసి, మీ ఎదుట ఏడు పెల్లెట్లు సమర్పించుకున్నాను. తమరు సెలవిచ్చినవి: 171, 168, 173, 166, 172. ఆరోదానికి 241. ఏడోదానికి 'ఎర్రర్' అని ఇంగ్లీషులో కసిరారు.

నేను మిమ్మల్ని అనుమానించలేదు. అందరినీ అనుమానించాను. రైఫిల్లో గాలి ఒత్తిడిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పోయిందన్నాను. సిలిండర్ గేజ్ మీద వేలితో కొట్టి చూశాను. మీకు కొత్త 9 వోల్టుల బ్యాటరీ నైవేద్యం పెట్టాను. టెక్సాస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేశాను. ఆయన తన రైఫిల్ తూటాలకు మందు తానే తూచి నింపుకుంటాడు. నాకు దక్కింది లైసెన్సు అక్కర్లేని 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకీ అని తెలిసి కూడా మందు వేడెక్కడం, ప్రైమర్, కేసు మెడ బిగువు అని అరగంట పురాణం విప్పాడు. చివర్లో మాత్రం, "ఐదు షాట్లకే ఎస్‌డీ, అదే అంకెలు ఎంత చెదిరాయో, లెక్కగట్టి ఏడవకు బావా, ఇరవై అయినా కాల్చు" అన్నాడు. ఆ ఒక్క మాటా పనికొచ్చేది. అదే నేను వినలేదు.

ఎందుకు వినలేదంటే, దోషి దొరికాడనుకున్నాను. పెల్లెట్ల బరువు!

మా మామగారి బంగారం కొట్లో మూలనపడ్డ చిన్న కాటా ఒకటి మా ఇంట్లో ఉంది. రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నాను. డబ్బాలో 500 పెల్లెట్లు. ఒక్కొక్కటీ పట్టకారుతో తీయడం, కాటా మీద పెట్టడం, అంకె ఆగేదాకా ఊపిరి బిగబట్టడం, తీసి ఇడ్లీ రేకు గుంటలో వేయడం. గ్రాముల్లో 0.53. 0.53. 0.54. 0.53. మామగారి తరం లెక్కలో చెప్పాలంటే ఒక్కో పెల్లెట్ దాదాపు నాలుగున్నర గురివింద గింజల ఎత్తు. అర్ధరాత్రి ఒంటిగంటకి నా ముందు రెండు కుప్పలు. ఒకటి 0.53ల కొండ, రెండోది 0.54ల పుట్ట. మెడ పట్టేసింది. కళ్లు మూస్తే కూడా చుక్క తర్వాత రెండు అంకెలే కనిపిస్తున్నాయి.

పొద్దున్నే మా ఆవిడ రేకులు చూసింది. "ఇవి సీసం కాదూ?" అంది. ఔనన్నాను. మారుమాట లేకుండా ఆరు రేకులూ పాత సామాన్లవాడికి వేసేసింది. ఆవిడ తప్పేం లేదు, సీసం తగిలిన దాంట్లో పిల్లలకి వండిపెట్టమని ఎవరు మాత్రం చెప్తారు? ఆదివారం టిఫిను బ్రెడ్డు.

ఇంతకీ ఆ బరువు లెక్క నేను వేసింది సోమవారం, బస్సులో, టికెట్ వెనకాల. మీరు చూపించిన 166కీ 173కీ తేడా బరువు వల్లే వచ్చిందనుకుంటే పెల్లెట్‌కీ పెల్లెట్‌కీ 45 మిల్లీగ్రాముల తేడా ఉండాలి. నా కాటాలో 500కి 500 ఒక్క అంకె తేడాలో, అంటే మహా అయితే 20 మిల్లీగ్రాముల లోపు ఇమిడిపోయాయి. ఈ కూడిక తీసివేత శనివారం ఏడున్నరకే చేసుంటే ఇడ్లీలు దక్కేవి.

మా అమ్మాయి శనివారమే చెప్పింది. దానికి పద్నాలుగేళ్లు. 10 మీటర్లు పోవడానికి పెల్లెట్‌కి సెకనులో వందకి ఆరు వంతులు పడుతుంది, ఆ కాస్తలో 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. వేగంలో ఏడు మీటర్ల తేడా ఉంటే ఆ దిగుడులో దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు తేడా రావాలి. టార్గెట్‌లో పది పాయింట్ల చుక్కే అర మిల్లీమీటరు. "నాన్నా, అలాగైతే హోల్ నిలువుగా సాగాలి కదా, ఇది గుండ్రంగా ఉందేంటి?" అని తను కాల్చిన టార్గెట్ కాగితం నా మొహానికి అడ్డం పెట్టింది. నేనేమన్నానో తెలుసా? "నువ్వూరుకోవే, మెషిన్ అబద్ధం చెప్తుందా?" అన్నాను. గోడ మీద పోస్టర్లో గగన్ నారంగ్ ఉన్నాడు, 2012లో లండన్ నుంచి ఇదే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ కుర్రాడు. ఆయన కూడా నన్ను చూసి తల తిప్పుకున్నట్టనిపించింది.

ఆదివారం మూడింటికి మళ్లీ మొదలు. 0.53ల కొండలోంచి తీసి కాలుస్తున్నాను. 174, 167, ఎర్రర్. కింది వాటాలోంచి "ఏన్ సార్ సౌండు?" అని కేక. అంతలో కరెంటు పోయింది.

తిట్టుకుంటూ షెడ్డు పక్కన టార్పాలిన్ ఎత్తి కట్టాను. బయట మబ్బు, మెత్తటి వెలుతురు. ఊరికే ఒకటి కాల్చాను. 171. ఇంకోటి. 171. 170. 171. కొండలోదీ పుట్టలోదీ కలిపి, ఏరకుండా, ఇరవై. అన్నీ 170 లేదా 171! కరెంటొచ్చింది. ట్యూబ్‌లైట్ వెలిగింది. 168. ఆర్పాను. 171.

50 హెర్ట్జ్ కరెంటు మీద పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకి వందసార్లు మసకబారుతుంది. మా కళ్లకి తెలియదు, నీ కళ్లకి తెలుస్తుంది. నీడ ఎక్కడ పడిందో ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ పోల్చుకున్నా సెకనుకి అర మీటరు పైన తేడా చూపిస్తావు. అంటే వణికింది పెల్లెట్ కాదు, నువ్వు! రెగ్యులేటర్‌ని అనుమానింపజేశావు, పెల్లెట్లని తూయించావు, నా కూతురి మాట కొట్టిపారేయించావు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. అలాంటి నీ మాట విని రాత్రంతా గురివింద గింజల లెక్క తూచాను చూడు, నన్నెందులో తూయాలి?

పదిహేనేళ్లుగా పీణ్యలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. రోజూ పొద్దున మైక్రోమీటర్ సున్నా చూసుకోకుండా ఒక్క ముక్క కొలవను. కొత్తగా చేరిన కుర్రాడెవడైనా చూసుకోకపోతే షాపంతా వినపడేలా అరుస్తాను. ఆ అరుపులన్నీ ఇప్పుడు వరసగా చెవిలో మోగుతున్నాయి.

నిన్ను మేడ మీంచి విసిరేద్దామనుకున్న మాట నిజం. చేతిలోకి తీసుకున్నాను కూడా. స్క్రీన్ మీద ఇంకా 171 అనే ఉంది. పెట్టెలో పెట్టేశాను.

వచ్చే ఆదివారం కలుద్దాం. ట్యూబ్‌లైట్ స్విచ్ మీద మా అమ్మాయి ఇప్పటికే టేపు వేసేసింది.

ఇట్లు,
రేకుల షెడ్డు దాసుడు

తా.క.: ఇడ్లీ రేకుల ఖర్చు నీ పద్దులో రాశాను. మా ఆవిడ మాత్రం నా పద్దులోనే ఉంచింది.