గోడ దూకిన పూలు

పెళ్లి బొకేలో గులాబీల వెనకాల పసుప్పచ్చటి సన్న రెమ్మ ఒకటి ఉంటుంది చూడండి, అదే గోల్డెన్ రాడ్. గ్రూప్ ఫొటోలో వెనక వరస మేనమామ లాంటిది. ఉంటుంది గానీ ఎవరూ గుర్తుపట్టరు.

మా బావ కన్ను దాని మీద పడింది. తిరుపతి బైరాగిపట్టెడలో ఆయన ఇంటి ముందు ఉన్నది మంచం పట్టేంత జాగా. నర్సరీ అబ్బాయి "బీద నేలయినా చాలు సార్" అన్నాడట. బీద అన్న మాట బావకు నచ్చలేదు. చెనిక్కాయ చెక్క నానబెట్టి పోశాడు, పేడెరువు దట్టించాడు. బలం ఎక్కువైతే ఆ మొక్క పొడుగ్గా సాగి, నిలబడలేక ఒరిగిపోతుంది. ఈ సంగతి మొక్కకు తెలుసు, బావకు తెలీదు.

గోడ దాటి పెరిగాక ఇంటికొచ్చిన వాళ్లందరినీ దాని పక్కన నిలబెట్టి కొలవడం మొదలెట్టాడు.

"ఎడిసన్ దీన్నుంచే రబ్బరు తీసినాడు, తెల్సా? 12 అడుగుల రకం పెంచినాడు!"

"ఆ రబ్బరేదో ముందు నా కుక్కరుకు వేయించు. గ్యాస్కెట్టు పోయి ఎన్నాళ్లయింది!" అంది అక్క.

పూజకని కోసుకొస్తే, వాసన లేని పూలు దేవుడికా అని పక్కన పెట్టేసింది. నువ్వు తల్లో పెట్టుకునే కనకాంబరాలకేం వాసనుంది అన్నాడీయన. ఆ పూట కాఫీ రాలేదు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. తెల్లారి చూస్తే పూలన్నీ గోడ మీదుగా వాలి, పక్కింటామె స్కూటర్ మీద సాష్టాంగపడి ఉన్నాయి. ఎండ రాగానే తేనెటీగలు దిగాయి. ఆమె ఆఫీసు టైమూ అదే. దూరం నుంచే గట్టిగా తుమ్మి, "మీ పూల వల్లే అన్నా ఈ తుమ్ములు!" అంది.

బావ లుంగీ ఎగ్గట్టాడు. "దీని పుప్పొడి జిగటమ్మా, బరువు. గాల్లో ఎగరదు. తేనెటీగలు మోసుకుపోవాల్సిందే. అమెరికాలో కూడా దీన్ని ఊరికే ఆడిపోసుకుంటారు. అక్కడ తుమ్మించేది అదే కాలంలో పూసే రాగ్‌వీడ్. ఇక్కడంటావా, మీ వెనక ఖాళీ స్థలం నిండా వయ్యారిభామే కదా!"

"పుప్పొడిని ఈగలు మోస్తాయి సరే. నన్ను ఆఫీసుకు ఎవురు మోస్తారన్నా?"

ఆటో డబ్బులు బావే ఇచ్చాడు. సాయంత్రం కొడవలి తీసుకుని మొదలంటా కోసేశాడు.

కోస్తే పోయేది పైన ఉన్నదే. నేల కింద వేళ్లు పాకించుకుంటూ పోయే జాతి అది. వానలు వెలిశాక గోడవతల, ఆమె తులసికోట పక్కన, పిలకలు లేచాయి. కేకేసి చూపించింది.

బావ గోడ మీంచి తొంగి చూశాడు.

"చెనిక్కాయ చెక్క మాత్రం వెయ్యొద్దు తల్లీ."