ఆ ఫోటోలో నేనెందుకు నవ్వలేదంటే

ఇప్పుడే మా మరిది కామెంట్ పెట్టాడు. "వదినా, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి కూడా ఆ ముఖమేంటి? కాస్త నవ్వితే టికెట్ డబ్బులు ఎక్కువ తీసుకుంటారా?" పక్కన పగలబడి నవ్వే బొమ్మలు ఐదు. దానికి మా ఆయన లైక్! ఇదే సోఫాలో, నా పక్కనే కూర్చుని, నా ముఖం మీద వేసిన జోక్‌కి లైక్ కొట్టారు.

సరే నాయనా, అడిగావు కాబట్టి చెప్తాను. అందరూ వినండి.

ఆ ఫోటో మాగెరె బ్రుగ్ మీద దిగింది. ఆమ్‌స్టెల్ నది మీద తెల్లటి చెక్క వంతెన. రాత్రయితే వెయ్యికి పైగా బల్బులు వెలుగుతాయి. అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అప్పటికి గంటన్నర నుంచి నేను బాత్రూమ్ కోసం వెతుకుతున్నాను. బల్బులు ఎవరికి కావాలి?

మేముండేది జర్మనీలో. శుక్రవారం రైలెక్కి ఆదివారం రాత్రికి ఇంటికి వచ్చేయాలని ప్లాన్. డిసెంబరు. నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఆ కాలువల మీద నుంచి వచ్చే గాలి స్వెట్టరు, కోటు దాటుకుని ఎముకల్లోకి వెళ్తుంది. ఆ చలిలో ఎవరైనా ఏం చేస్తారు? వేడిగా ఏదో ఒకటి తాగుతారు. నేనూ తాగాను. ఒక కాఫీ, రెండు హాట్ చాక్లెట్లు. ఎండాకాలమైతే చెమటలోనైనా పోయేది.

ఆ పళంగా లైట్ ఫెస్టివల్ చూద్దామని పడవెక్కించారు. చలికాలంలో కాలువల వెంట దీపాలతో రకరకాల కళాకృతులు పెడతారు, పడవలో తిరుగుతూ చూడాలి. పెద్ద పడవల్లో టాయిలెట్ ఉంటుందట. మేమెక్కింది చిన్నది. "రొమాంటిగ్గా ఉంటుంది" అని మా ఆయన ఏరికోరి బుక్ చేసింది. గంటంపావు సేపు చుట్టూ నీళ్ళే. గలగలమని ఒకటే చప్పుడు. నా పరిస్థితి ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. గైడ్ మాత్రం ఉత్సాహంగా చెప్తున్నాడు: ఈ కాలువలు 17వ శతాబ్దంలో తవ్వారు, 2010లో యునెస్కో జాబితాలో చేరాయి, డామ్ స్క్వేర్‌లో ఉన్న రాజభవనం 13,659 కర్ర దుంగల మీద నిలబడింది అని. పదమూడు వేల ఆరువందల యాభై తొమ్మిది! ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టి పెట్టుకున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఎన్ని బాత్రూములున్నాయో లెక్కపెట్టే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

దిగాక చూస్తే కాలువ గట్టున పచ్చరంగు ఇనుప రేకుతో మెలికలు తిరిగిన డబ్బా ఒకటి. క్రుల్ అంటారు దాన్ని. మగవాళ్ళు నిలబడి పని కానిచ్చుకునే చోటు. మా ఆయన లోపలికి వెళ్ళి అర నిమిషంలో వచ్చేశారు. వచ్చి ఏమన్నారో తెలుసా? "చూశావా, వీళ్ళు ఎంత బాగా ప్లాన్ చేశారో!" పైగా కొళాయి కూడా లేని ఆ డబ్బాలోంచి వచ్చి, అదే చేత్తో నా చెయ్యి పట్టుకోబోయారు. రొమాన్స్!

ఇది నా ఒక్కదాని గొడవ కాదు. 2015లో అక్కడే ఒకమ్మాయి రాత్రిపూట ఆపుకోలేక వీధిలో కూర్చుంటే పోలీసులు జరిమానా వేశారు. ఆమె ఊరుకోకుండా కోర్టుకెక్కింది. అప్పుడు ఊళ్ళో మగవాళ్ళకు 35, ఆడవాళ్ళకు 3 పబ్లిక్ టాయిలెట్లు ఉన్నాయని బయటపడింది. 2017లో జడ్జిగారు ఏమన్నారంటే, కష్టమే అయినా మగవాళ్ళ దాంట్లోకి వెళ్ళొచ్చు కదా అని! 90 యూరోలు కట్టించారు. తర్వాత ఆడవాళ్ళు ఆ డబ్బాల్లో ఎలా కూర్చోవాలో మీరే చెప్పండంటూ ఫోటోలు దిగి మరీ పెట్టారు. 2024లో నగరంవాళ్ళు కొత్త టాయిలెట్లకు 40 లక్షల యూరోలు పక్కన పెట్టారని చదివాను. పక్కనే ఉన్నట్టున్నాయి, నాకైతే ఎక్కడా కనబడలేదు.

ఇక కేఫ్‌లో అడిగితే "కస్టమర్లకు మాత్రమే". అంటే వెళ్ళాలంటే ఇంకో కప్పు తాగాలి. తాగితే మళ్ళీ గంటకు ఇంకో కేఫ్. ఎవడు కనిపెట్టాడో గానీ మంచి వ్యాపారం. (సైకిళ్ళ సంగతి ఇంకోసారి రాస్తాను. ఒక పెద్దావిడ వెనకనుంచి బెల్లు కొట్టిన కొట్టుడుకి నా పని అక్కడే అయిపోయేది.)

ఇంత జరిగాక మా ఆయన తీర్పు: "అందుకే రెండో హాట్ చాక్లెట్ వద్దన్నాను."

చూశారా? తప్పు ఊరిది కాదు, పడవది కాదు. నీళ్ళు తాగిన నాది. చిన్నప్పటినుంచీ ఇదే మాట. బడికెళ్తే తాగకు, పరీక్షకెళ్తే తాగకు, పెళ్ళి పీటల మీద కూర్చోబోతూ అసలే తాగకు. దాహమేస్తే పెదాలు తడుపుకో.

అన్నట్టు మరిదిగారూ, నాలుగేళ్ళ కిందటి సంక్రాంతి గుర్తుందా? హైదరాబాద్ నుంచి రాజమండ్రి, నైట్ బస్సు. సూర్యాపేట దాటాక చీకట్లో రోడ్డు పక్కన ఆపారు. మగవాళ్ళంతా దిగి వరసగా నిలబడ్డారు. నేనడిగితే డ్రైవరు "లేడీస్ ఆ లారీ వెనక్కి పోండమ్మా" అన్నాడు. లారీలో క్లీనరు మేలుకునే ఉన్నాడు. ఇద్దరం ఆడవాళ్ళం ఎటు వెళ్ళాలా అని చూస్తుంటే, తమరు మాత్రం పని ముగించుకుని, దులుపుకుని బస్సెక్కి "పోనీయండన్నా, అందరూ వచ్చేశారు" అన్నారు. అందరూ! మేము పరిగెత్తి ఎక్కాల్సి వచ్చింది. తెల్లారి రాజమండ్రిలో దిగేదాకా నేను ఎలా కూర్చున్నానో నాకే తెలుసు. ఇంటికొచ్చాక అత్తయ్యగారు కూడా అదే అడిగారు, "ఏంటమ్మా, ముఖం అలా పెట్టావ్, మా ఊరు రావడం ఇష్టం లేదా?" అని. అప్పుడు మీరు పక్కనే కాఫీ తాగుతున్నారు.

ఈ పోస్ట్ తీసేయమని మా ఆయన ఇప్పటికి మూడుసార్లు అడిగారు. తీయను.

అసలు విషయం ఏంటంటే, వేసవిలో మరిది వాళ్ళు కూడా ఆమ్‌స్టర్‌డామ్ వస్తారట, "ప్లాన్ వదిన పంపుతుందిలే" అన్నాడట. ఎక్కడెక్కడ బాత్రూములున్నాయో, ఏ కేఫ్‌లో అడక్కుండా వెళ్ళనిస్తారో అన్నీ గుర్తు పెట్టుకున్నాను. లిస్టు మా తోడికోడలికి విడిగా పంపిస్తాను. నీకు మాత్రం వంతెన ఫోటో పంపుతా బాబూ, నవ్వుకో.