పెంటయ్య అక్కర్లేని బిడ్డ కాదు

పది రోజుల్లో ఆరుగురు పంపారు. ఆరుగురూ నాకు కావలసినవాళ్ళే, ఇద్దరైతే దగ్గరి చుట్టాలు. ఆ వాట్సాప్ మెసేజ్ చెప్పేది ఇదీ: పెంటయ్య అంటే మలం. కన్నవాళ్ళకు అక్కర్లేని పిల్లలకు ఆ పేరు పెట్టేవాళ్ళు. కింది కులాలవాళ్ళకే పెట్టించారు. ఈ దరిద్రం మన దేశంలోనే ఉంది. అలాంటి పేరున్నవాళ్ళు వృద్ధిలోకి రారు. కాబట్టి ఇంట్లో పెద్దల పేర్లు ఆధార్‌లో వెంటనే మార్పించండి. కింద దండం పెట్టే బొమ్మలు రెండు.

మా తాత పేరు పెంటయ్య. ఇక ఊరుకోలేను.

మాట అర్థం సంగతి ముందు తేల్చేస్తాను. ఎండాకాలంలో బండ్లకెత్తి పొలానికి తోలే పశువుల ఎరువు పెంట. నల్లమలలో చెంచులు ఉండే గూడేలను కూడా పెంటలనే అంటారు. అప్పాపూర్ పెంటకు వెళ్ళి ‘మీ ఊరి పేరు మలం’ అని చెప్పగలరా ఈ మెసేజ్ రాసినవాళ్ళు?

ఇక ‘అక్కర్లేని పిల్లలు’ అన్న మాట. నాకు కడుపు మండింది ఇక్కడే.

తాత కంటే ముందు ముగ్గురు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకరు పురిట్లోనే, ఒకరు అమ్మవారు పోసి, ఒకరు ఏ జబ్బో తెలియకుండానే. మిగిలింది తాత అక్క ఒక్కతే, మేం పెద్దవ్వ అనేవాళ్ళం. తాత పుట్టేనాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు. ఆ పొద్దు జరిగింది ఆమె ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్పేది. చేటలో పాత చీర ముక్క పరిచి, పిల్లాణ్ణి పడుకోబెట్టి, పెరటి వెనక పెంటకుప్ప మీద పెట్టి ఇంట్లోకి వచ్చేశారు. పక్కింటామె వెళ్ళి ఎత్తుకొచ్చి, ‘పెంట మీద దొరికిండు, కొంటరా?’ అని అడిగింది. కన్నతల్లి కొంగులోంచి తవుడు పోసి తన బిడ్డను తానే కొనుక్కుంది. ‘కుక్కలొస్తయని నేను కట్టె పట్టుకొని నిలబడ్డ’ అనేది పెద్దవ్వ. తాత కుడి ముక్కుకు చిన్న రంధ్రం ఉండేది, చిన్నప్పుడు మేం వేలుపెట్టి చూసేవాళ్ళం. అదీ ఆ రోజు కుట్టించిందే.

ఈ బిడ్డ ఎవరికీ అక్కర్లేనివాడు, పారేసిన వస్తువు అనుకుని చావు పక్కకు పోవాలని చేసిన పని అది. ముగ్గురిని మట్టిలో పెట్టిన తల్లి నాలుగోవాడి కోసం పడ్డ తాపత్రయం. తవుడుకు కొన్నందుకే శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్యలు, తవిటినాయుళ్ళు. ఎంగిలి విస్తరి, అంటే పుల్లాకు, పేరు మీద పుల్లయ్య. బిచ్చమెత్తి తెచ్చుకున్నట్టు బిచ్చయ్య, భిక్షపతి. 1971లో కూడా దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండా పోయేవాళ్ళు. 2020కి అది 28కి దిగింది. ఈ పేర్లు అరుదైపోవడానికి ఇదీ ఒక పెద్ద కారణమే. పిల్లలు బతుకుతున్నారు.

నిజంగా అక్కర్లేదని పెట్టే పేర్లు లేకపోలేదు. మహారాష్ట్రలో ఆడపిల్లలకు నకుశా అని పెట్టేవాళ్ళు, వద్దనుకున్నది అని అర్థం. 2011లో సతారా జిల్లాలో అలాంటి 285 మందికి కొత్త పేర్లు పెట్టారు. ఆ బాధ వేరు, ఈ బాధ వేరు. రెంటినీ ఒక గాటన కట్టడం మా ముత్తవ్వకు చేసిన అన్యాయం.

కింది కులాలకే అన్నది అబద్ధం. తమిళంలో కుప్పై అంటే చెత్త. త్యాగరాజస్వామి శిష్యుడు వీణ కుప్పయ్యర్, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో సంస్కృతం చెప్పిన కుప్పుస్వామి శాస్త్రి ఏ కులంవాళ్ళు? మన దేశంలోనే అన్నదీ అంతే. రోమన్ల కాలపు ఈజిప్టు పపైరస్ పత్రాల్లో కొప్రెయుస్, కొప్రియా అనే పేర్లు ఉన్నాయి. గ్రీకులో కొప్రొస్ అంటే పేడ.

వృద్ధిలోకి రారట! 1934లో ‘లవకుశ’ తీసిన సి. పుల్లయ్య రాలేదా? నల్లగొండ నుంచి రెండుసార్లు లోక్‌సభకు వెళ్ళిన ధర్మభిక్షం? ఒడియా నవలకు పెద్దదిక్కైన ఫకీర్‌మోహన్ సేనాపతి అసలు పేరు బ్రజమోహన్. చిన్నప్పుడు జబ్బు పడితే, బతికితే ఫకీరును చేస్తానని నాయనమ్మ పీర్లకు మొక్కింది. ఆ మొక్కే పేరైంది.

రెండు విషయాలు మాత్రం ఒప్పుకుంటాను. పెంటకుప్ప మీద పసిబిడ్డను పెట్టడం ప్రమాదం. ధనుర్వాతం క్రిములు ఉండేది ఆ పేడలోనే, మట్టిలోనే. ఏ బిడ్డను బతికించాలనుకున్నారో, ఆ బిడ్డే దానివల్ల పోయిన ఇళ్ళూ ఉండే ఉంటాయి. రెండోది, పేరు పెట్టింది తల్లే అయినా, దాన్ని ‘పెంటిగా’ అని పిలిచి తిట్టుగా మార్చినవాళ్ళు ఉన్నారు. మా తాతను ఆయన కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు అలా పిలవడం నేను విన్నాను. బడిలో పిల్లలు నవ్వుతారని పేరు మార్చుకునే వాళ్ళను నేను తప్పుపట్టను. నా కొడుక్కి నేనూ ఆ పేరు పెట్టలేదు.

కానీ పెద్దవాళ్ళ పేర్లు మార్పించండని చెప్పే హక్కు ఎవరిచ్చారు? తాత పోయాక మరణ ధ్రువపత్రం కోసం వెళ్తే, అక్కడి గుమాస్తా ‘పెంటయ్య అనే రాయాలా, ఇంకేమైనా పేరుందా?’ అని అడిగాడు. నేను మాట్లాడేలోపే పెద్దవ్వ అందుకుంది. ‘ఆ పేరు మీదనే బతికిండు. అట్లనే రాయి, బిడ్డా.’