హోల్డ్ క్యూ గారికి ఒక విడుదల దరఖాస్తు

మహారాజశ్రీ హోల్డ్ క్యూ గారికి,

మెయిల్ సర్వర్ చూసుకునే ఉద్యోగిని. వచ్చిన మెయిళ్లలో ఏదో కారణంతో ఆపినవాటిని కూర్చోబెట్టే వరుస మీరు. పొద్దున్నే కాఫీ కంటే ముందు మీ దర్శనం చేసుకునేవాణ్ణి. మీరు క్షేమమే అని తెలుసు. మీ దగ్గర చిక్కినవాళ్ల సంగతే తెలియడం లేదు.

సోమవారం మా అకౌంట్స్ మేడమ్ వచ్చి, "ఏమండీ, కొటేషన్ శుక్రవారమే పంపానంటున్నాడు, మీ సర్వరేమన్నా మింగిందా?" అన్నారు. చూస్తే మీ ఒళ్లోనే ఉంది. ఫిల్టర్ వేసే స్పామ్ స్కోరులో ఆపే గీత 5, దానికొచ్చింది 5.1. జిప్ ఫైలు తగిలించి, సబ్జెక్టులో "అర్జెంట్" అని మూడు ఆశ్చర్యార్థకాలు కొట్టాడు పాపం. సరే, అనుమానించడం మీ ఉద్యోగం. "విడుదల" నొక్కాను. వదిలారు. ఎక్కడికి? మళ్లీ ఫిల్టర్ గుమ్మంలోకే! అది మళ్లీ తూచింది, మళ్లీ 5.1, మళ్లీ మీ ఒళ్లోకి. మూడుసార్లు ఇదే తంతు. చివరికి ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మేడమ్ సీటు దాకా నడిచెళ్లి ఇచ్చొచ్చాను. (సెక్యూరిటీ వాళ్లకు చెప్పకండి.) "దీన్ని మనిషి చూశాడు" అని ఒక ముద్ర కొట్టి నేరుగా డెలివరీకి పంపాలని మీకెందుకు తట్టలేదు?

పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను చూడండి. దాని హోల్డ్ క్యూ మనిషి చెప్పేదాకా కదలదు. పక్కనున్న డిఫర్డ్ క్యూ (అప్పటికి చేరవేయలేకపోయిన మెయిళ్ల వరుస) తనంతట తానే మళ్లీ మళ్లీ ప్రయత్నించి, మనం మార్చకపోతే 5 రోజులకు చేతులెత్తేసి మెయిల్ తిప్పి పంపుతుంది. ఆగడంలో రకాలున్నాయని దానికి తెలుసు. మీకు వైరస్ అనుమానమైనా, పెద్ద ఎటాచ్‌మెంటైనా, మేనేజర్ సరే అనాల్సినదైనా, సర్వర్ల చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ ఆ క్షణంలో పలకలేదని ఆగినదైనా ఒకటే చాప, ఒకటే 30 రోజుల గడువు, 31వ రోజు ఒకటే గొయ్యి.

ఒకసారి తిరుమల వెళ్లి రండి. సర్వదర్శనానికి ఒక దారి, 300 రూపాయల టికెట్టుకు ఒక దారి, చంటిబిడ్డల తల్లిదండ్రులకు సుపథం. కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాళ్లకు పాలు, అన్నప్రసాదం. మీరు పాలు పోయక్కర్లేదు, ఆపానని ఒక్క మాట చెబితే చాలు. పంపినవాడికి చెప్పకపోవడం సబబే. స్పామ్‌లో పంపినవాడి చిరునామా చాలాసార్లు దొంగది, మీ జవాబు ఎవడో అమాయకుడి నెత్తిన పడుతుంది. అందుకోవాల్సినవాడికి చెప్పడానికేం రోగం?

పొరపాట్లు మీ వంశంలో కొత్త కాదు లెండి. 2010 జనవరి 1న స్పామ్‌అసాసిన్ అనే స్పామ్ ఫిల్టర్‌లోని ఒక రూలు, 2010 అంటే ఎక్కడో సుదూర భవిష్యత్తు అనుకుని, ఆ ఏటి తేదీ ఉన్న ప్రతి మెయిల్‌కీ పాయింట్లు వడ్డించింది. కొత్త సంవత్సర శుభాకాంక్షలే నేరమయ్యాయి. అలాంటి పూట, ప్రతి మెయిల్‌తోపాటూ ఏ రూలు ఆపిందో రాసి ఉంటే, "ఈ రూలు వల్ల ఆగినవన్నీ వదులు" అంటే సరిపోతుంది. మీ దగ్గరేమో ఒక్కోదానికి ఒక టిక్కు, పేజీకి 20.

ఇంకొకటి. తెలుగులో సబ్జెక్టు రాస్తే మీ జాబితాలో "యూటీఎఫ్-8" అని అక్షరాల కోడ్ పేరూ, దాని వెనక మూరెడు గజిబిజీ కనిపిస్తుంది. ఏమిటో తెలియాలంటే తెరవాలి. తెరిచే అధికారం నాకొక్కడికే ఇచ్చారు, మెయిల్ ఎవరిదో వాళ్లకు కాదు. నిన్న ఒకటి తెరిచాను. "అమ్మమ్మకి ఆపరేషన్ బాగా అయింది, నిన్నే అడుగుతోంది." మా డిస్పాచ్‌లో కుర్రాడిది. 19 రోజులుగా మీ దగ్గరుంది. నేను చదవాల్సిన ఉత్తరం కాదది. తలదించుకుని విడుదల నొక్కాను.

ఇప్పుడే చూశాను, మళ్లీ మీ దగ్గరే ఉంది. పెన్‌డ్రైవ్ వెతుక్కుంటున్నాను.

ఇట్లు,
మీ ఏకైక ద్వారపాలకుడు