సవరణ: ఏడిపించే పిల్లాడికి టీసీ ఇవ్వొచ్చా?

కర్నూలు బడుల్లో చిన్నపిల్లలు తోటివాళ్లను ఏడిపించడం గురించి మొన్న రాస్తూ, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద అలాంటి పిల్లాడికి టీసీ ఇచ్చి పంపేయొచ్చన్నాను. తప్పు రాశాను. 2009 నాటి ఆ చట్టం తెరిచి చూస్తే, పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అనే ఆ సెక్షన్ బడిలోని పెద్దవాళ్లకు. మీరితే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య ఉంటుంది. పిల్లాడిని తీసేయడానికి ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా 16వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో పై తరగతికి పంపకుండా అదే తరగతిలో ఆపేసే వీలొచ్చింది గానీ, బడి నుంచి పంపేసే వీలు మాత్రం రాలేదు. (అయినా మూడో తరగతి పిల్లాడిని పంపేస్తే పక్క వీధి బడిలో చేరి అదే పని చేస్తాడు.) ప్రభుత్వ బడి అయితే క్లాస్ టీచర్‌కి, అక్కడ తేలకపోతే కనీసం ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండే యాజమాన్య కమిటీకి చెప్పండి.