చెడిపోవడం తెలిసిన పడవ

పాత ఫైబర్‌గ్లాస్ పడవల మాట వచ్చిందంటే చాలు, అందరూ ఒకటే పాట పాడతారు. అప్పట్లో ఆ మెటీరియల్ బలం ఎంతో ఎవరికీ తెలీదట, భయపడి మందంగా పోశారట, అందుకే ఇన్నేళ్లు నిలిచాయట. సరే, మందమే ఆయుష్షు అనుకుందాం. కానీ పియర్సన్ ట్రైటన్ అనే పాత అమెరికన్ ఫైబర్‌గ్లాస్ బోటులో ముందుగా కుళ్లింది డెక్కు, అంటే మనం నడిచే పైభాగం. కుళ్లిన డెక్కుతో కూడా ఆ బోటు ఎలా బతికింది? ఈ ప్రశ్న దగ్గర ఆ పాట ఆగిపోతుంది.

ఆ బోటు కథ ఇదీ. గ్యారేజీలో చిన్న పడవలతో మొదలుపెట్టిన క్లింటన్, ఎవరెట్ పియర్సన్ అనే కజిన్స్ 1959 జనవరిలో న్యూయార్క్ బోట్ షోకి ట్రైటన్ అనే 28 అడుగుల పైచిలుకు తెరచాప బోటును తెచ్చారు. ధర 9,700 డాలర్లు. అక్కడే 17 ఆర్డర్లు వచ్చాయి. రోడ్ ఐలాండ్‌లోని బ్రిస్టల్ ప్రధాన కేంద్రంగా, 1967 దాకా 700కు పైగా తయారయ్యాయి.

డిజైనర్ కార్ల్ ఆల్బర్గ్ స్వీడన్‌లో పుట్టినవాడు. అడుగున బోటును నిలకడగా ఉంచే పొడవాటి కీల్, దాని చివరే చుక్కాని, వెడల్పు ఎనిమిది అడుగుల పావు. తర్వాత వచ్చిన వెడల్పాటి, తేలికైన బోట్ల పక్కన ఇది నెమ్మదే, లోపలా ఇరుకే. కానీ నలుగురు పడుకోవచ్చు. చెక్క పడవలా ఏటా పలకల సందులు పూడ్చే పని లేదు. ‘ఆటమ్’ అని పేరు పెట్టుకున్న ట్రైటన్‌తోనే జేమ్స్ బాల్డ్విన్ అనే నావికుడు రెండుసార్లు భూమి చుట్టొచ్చాడు.

ఇక అసలు విషయం, తయారీ. అచ్చుకి మైనం పట్టించి, పైకి నున్నగా కనిపించే జెల్ కోట్ పూత కొట్టి, ఆపైన గాజు పీచు మ్యాట్, గాజు పీచుతో నేసిన గుడ్డ పొర మీద పొర పరిచి, గట్టిపడే జిగురులాంటి పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి, గాలి బుడగలు లేకుండా రోలర్‌తో నొక్కుతారు. గట్టిపడ్డాక అచ్చులోంచి లాగేస్తారు. డెక్కుకి విడిగా మరో అచ్చు. బరువు తగ్గాలని అక్కడ రెండు గాజు పొరల మధ్య బాల్సా అనే తేలికపాటి చెక్క పెట్టారు. కొంప ముంచింది ఇదే. రెయిలింగ్ బిగించిన స్క్రూ కన్నంలోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగితే లోపలి చెక్క నల్లటి గుజ్జవుతుంది. అడుగేస్తే మెత్తగా కుంగుతుంది. నాణెంతో కొట్టి చూస్తే బాగున్నచోట టక్‌మంటుంది, కుళ్లినచోట దబ్‌మంటుంది.

అప్పుడేం చేస్తారు? పై పొరను గ్రైండర్‌తో చతురస్రంగా కోసి, గుజ్జంతా గోకేసి, కొత్త బాల్సా అతికించి, పై పొర మళ్లీ మూసేస్తారు. ఒళ్లంతా దురద, నాలుగు వారాంతాలు ఖర్చు. కంపెనీ అనుమతి అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ట్రైటన్‌ను బతికించింది మందమొక్కటే కాదు. దాని రోగం మనిషి చెయ్యి అందేచోట ఉంది.

భీమిలి ఒడ్డున ఇదే వైద్యం చూశాను. ఫైబర్ తెప్ప అడుగున పగులొస్తే చుట్టూ రుద్ది, మ్యాట్ ముక్క పరిచి, గట్టిపరిచే హార్డనర్ కలిపిన రెజిన్ బ్రష్‌తో పూశాడు ఒకాయన. ‘రేపు ఏటకెళ్లిపోవచ్చండి’ అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

చావని సరుకు చెత్త కూడా అవుతుంది కదా అంటారు. నిజమే, దిక్కులేని పాత బోట్లు రేవుల్లో మగ్గుతున్నాయి. ఎవరెట్ పియర్సన్ తర్వాత పెట్టిన కంపెనీ కాలక్రమంలో గాలిమరల రెక్కల వైపు మళ్లింది. అలాంటి ఫైబర్‌గ్లాస్ రెక్కల్ని పాతబడ్డాక అమెరికాలో గోతులు తీసి పూడ్చారు కూడా. అయినా రిపేరై అరవై ఏళ్లు తిరిగినదాన్నీ, ఆరేళ్లకే మూలన పడేదాన్నీ ఒకే గాటన కట్టడం ఏం లెక్క?

ఆ రెండో రకం మన ఇళ్ల నిండా ఉంది. బ్యాటరీ గమ్ముతో అతికించిన ఫోన్లు, మోటారు బాగున్నా సర్క్యూట్ బోర్డు పోతే నిలబడిపోయే మెషీన్లు. వీటిని డిజైన్ చేసినవాళ్లకి తెలియక కాదు. పియర్సన్ కజిన్స్‌కి తెలియని లెక్కలన్నీ వీళ్లకి తెలుసు, వారంటీ ఎప్పుడు ముగుస్తుందో సహా. రిపేరు హక్కు అంటూ మన ప్రభుత్వం 2022లో కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది. స్పేర్ పార్టు ఇవ్వనివాడికి జరిమానా వేసే చట్టం మాత్రం రాలేదు.

మా వాషింగ్ మెషీన్ ఏడో ఏట ఆగిపోయింది. సర్వీస్ కుర్రాడు వెనక మూత తీసి, సీలు చేసిన బోర్డు చూపించి, ‘ఇది ఇప్పుడు రావట్లేదు సార్, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి’ అన్నాడు. డ్రమ్ముకి గీత కూడా పడలేదు. అది బాల్కనీలో ఉంది, పైన మా ఆవిడ తులసి కుండీ పెట్టింది.