ఈ ఏడు రొట్టె ఇచ్చి వచ్చాం

ఈ ఏడు నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్లి సంతాన రొట్టె ఇచ్చి వచ్చాం. తెలియనివాళ్లకు చెప్తాను. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జరుగుతుంది ఈ పండగ. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి అందుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఇలా దేనికది. మా ఆవిడ నాలుగేళ్లు వరసగా ఆ చెరువులో దిగి, సంతాన రొట్టె ఎవరి దగ్గరుందమ్మా అని అడుగుతూ తిరిగింది. ఈసారి పాపను చంకనేసుకుని తనే "సంతాన రొట్టె! సంతాన రొట్టె!" అని కేకేసింది. క్షణాల్లో చుట్టూ చేతులు. తుంచి ఇస్తూ తను ఏడుస్తోంది, నీళ్లు చూసి పాప కేరింతలు కొడుతోంది. నాకు గొంతు పూడుకుపోయి మాట రాలేదు.

ఆ సంతోషంతోనే ఈ పోస్ట్ రాస్తున్నాను. ఎప్పుడో చెప్పాల్సిన మాట. తనని అడిగే రాస్తున్నాను.

పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు మాకు పిల్లలు కలగకపోవడానికి కారణం నాలో ఉంది. తనలో ఏ లోపమూ లేదు.

బారసాలకు వచ్చిన పెద్దవాళ్లు తన చెయ్యి పట్టుకుని "పోన్లేమ్మా, ఇన్నాళ్లకు గొడ్రాలన్న మాట పోయింది" అన్నారు. అభిమానంతోనే అన్నారు, కాదనను. నన్నేమో భుజం తట్టి "సాధించావురా" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అసలు ఆ మాట తన మీద ఎందుకు పడింది? పడుతుంటే తొమ్మిదేళ్లు నేనెందుకు చూస్తూ కూర్చున్నాను?

పెళ్లయిన రెండో ఏడు నుంచే "ఏమన్నా విశేషమా?" మొదలైంది. తనకు చేయని పరీక్ష లేదు. ట్యూబుల్లోకి డై ఎక్కించి ఎక్స్‌రే తీసిన రోజు నొప్పికి పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది. తర్వాత లాప్రోస్కోపీ, అంటే పొట్టకు చిన్న కోత పెట్టి కెమెరాతో లోపల చూసే ఆపరేషన్. నెలనెలా గుడ్డు ఎంత పెరిగిందో చూసే స్కాన్లు. మోపిదేవి మొక్కు, నాగులచవితికి పుట్టలో పాలు, ఎవరు చెప్తే ఆ ఉపవాసం. ఇన్నీ తనే. నా టెస్టుకు డాక్టరమ్మ రెండుసార్లు చీటీ రాసిస్తే జేబులో పెట్టుకుని వచ్చేశాను. "నాకేం, దుక్కలా ఉన్నాను" అన్నాను. మా అమ్మ కూడా "మా వంశంలో మగవాళ్లకు అలాంటివి లేవు" అంది. ఈ మాట అన్నప్పుడు పిల్లలు లేని మా పెదనాన్న అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

అలా నాలుగేళ్లు పోయాయి. చివరికి వెళ్లి టెస్టు చేయించుకుంటే వీర్యకణాల దగ్గర 'నిల్' అని వచ్చింది. ఒక్క రిపోర్టుతో తేల్చరు. కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఆ మధ్యలో గట్టి జ్వరం వచ్చినా లెక్క తగ్గొచ్చట. కొన్నాళ్లాగి మళ్లీ చేశారు. మళ్లీ నిల్. లోపల తయారవుతున్నాయి, బయటికొచ్చే దారి మూసుకుపోయింది అన్నారు. తిరుగు బస్సులో నేను తలెత్తలేదు. తను బత్తాయి ఒలిచి నా చేతిలో పెట్టి "పోనీలెండి, ఏంటో తెలిసింది కదా" అంది. ఒక్క మాట దెప్పలేదు.

మగవాళ్లందరికీ గట్టిగా చెప్తున్నాను. ఆ వీర్య పరీక్షకు సూది లేదు, మత్తు లేదు, కోత లేదు. రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా దూరంగా ఉండి, ల్యాబ్‌కు వెళ్లి శాంపిల్ ఇచ్చి రావడమే. కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. అయినా మన ఇళ్లలో భర్త ల్యాబ్ గడప తొక్కకముందే భార్య ఆపరేషన్ థియేటర్‌లో ఉంటుంది. ఇది అన్యాయం. భర్త రిపోర్టు చూడకుండా ఆవిడను ఆపరేషన్ దాకా తీసుకెళ్లే డాక్టర్లదీ తప్పే. "కాపురం బాగానే ఉంది కదా, నాలో లోపమేంటి" అనుకుంటారు చాలామంది. నేనూ అదే అనుకున్నాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

మాకు చేసింది ఇక్సీ. నా దగ్గర నుంచి సూదితో నేరుగా కణాలు తీసి, ఒక్కో గుడ్డులోకి ఒక్కో కణాన్ని ఎక్కించారు. ఈ పద్ధతిలో పిల్లలు పుట్టారన్న వార్త మొదట 1992లో బెల్జియం నుంచి వచ్చింది. నేను మా నాన్న వయసువాణ్ణయి ఉంటే నాకీ పాప లేదు. చూడండి, లోపం నాది, నాకు పడింది ఒక్కరోజు సూది. తనకు పది రోజులకు పైగా పొట్ట మీద ఇంజెక్షన్లు, మత్తిచ్చి గుడ్లు తీయడం, ఆ తర్వాత గర్భం నిలవడానికి వారాల తరబడి నడుం కింద ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఇంజెక్షన్లు. గడ్డలు కట్టి పక్కకు తిరిగి పడుకోలేకపోయేది. మొదటిసారి నిలవలేదు. రెండోసారికి తన గాజులు బ్యాంకులో పెట్టాం. రక్త పరీక్ష రిజల్ట్ ఫోన్లో చెప్పినప్పుడు తను బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట అలాగే పట్టుకుని ఎంతసేపు కూర్చుందో.

ఇప్పుడు పాపకు ఎనిమిదో నెల. పుట్టినప్పుడు రెండు కిలోల ఆరువందల గ్రాములు. తెల్లవారుజామున మూడింటికి లేస్తుంది, ఆ డ్యూటీ నాదే. భుజాన వేసుకుని తిరుగుతుంటే నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని ఊ ఊ అంటుంది. నలుగు పెట్టి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ వేశాక ఆ తల దగ్గర వచ్చే వాసన కోసం ఆఫీసు నుంచి పరిగెత్తుకుని వస్తాను. మొన్న గోళ్లు తీయబోతే నా వేలు పట్టుకుని వదల్లేదు. అరగంట అలాగే కూర్చున్నాను.

మా పెద్దమ్మ గురించి కూడా చెప్పాలి. యాభై ఏళ్లకు పైగా ఆ గొడ్రాలన్న మాట మోసింది. పెదనాన్నను ఒక్కరు కూడా టెస్టు చేయించుకోమనలేదు. అప్పట్లో అది ఎవరికీ తోచలేదు. సీమంతాలకు, బారసాలలకు వంటింట్లో పని చేసేది కానీ ముత్తయిదువుల వరసలోకి వచ్చేది కాదు. మా పాప బారసాలకూ అలాగే వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. మా ఆవిడ లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "అత్తయ్యా, ముందు మీరే ఉయ్యాల్లో వెయ్యాలి" అంది. పెద్దమ్మ చీర కొంగుకు రెండు చేతులూ తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. అప్పుడు పాపను అందుకుంది.